జింక అడ్డొచ్చిందని చెప్పాం

మా ఆయనకి సైకిల్ పిచ్చి ఇంగ్లండ్‌లో ఈ రీడింగ్ ఊరు వచ్చాకే పట్టుకుంది. ఆఫీసులో ఒకతను ఓ ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళాడు, అంతే. కాకినాడలో ట్యూషన్‌కి తొక్కిన సైకిల్ తప్ప ఇంకోటి ఎరగని మనిషి, ఇప్పుడు ఒంటికి అతుక్కునే నల్ల నిక్కరు వేసుకుని హాల్లో తిరుగుతాడు. పాపకి కథ చెప్పమంటే ఫోన్లో ఫ్రాన్స్ కొండల మ్యాపు తీసి, దారి గీత మీద వేలు నడిపిస్తూ "ఇదిగో, ఇక్కడ డాడీ ఎక్కుతాడు, ఇక్కడ ఆవులుంటాయి, ఇక్కడ జుయ్యిమని దిగుతాడు" అనేవాడు. పాపకి మూడేళ్ళు. ఆవులు వచ్చేదాకా నిద్రపోయేది కాదు.

నాకేమో భయం. లారీలంటే భయం, వానంటే భయం, రోడ్డు మీద గుంతలంటే భయం. అతను బయల్దేరగానే లొకేషన్ ఆన్ చేయించి, ఆ నీలం చుక్క కదులుతున్నంతసేపూ గిన్నెలు తోముకునేదాన్ని. ఆగిందంటే చేతులు తుడుచుకోకుండానే ఫోన్ చేసేదాన్ని.

"సిగ్నల్ దగ్గర ఆగానే తల్లీ. బతికే ఉన్నా" అనేవాడు.

జూన్‌లో ఆ కొండలకి వెళ్ళాం. వారం రోజులు, మా కారులోనే, వెనక సైకిల్ కట్టుకుని. బయల్దేరేరోజు అత్తయ్య వీడియో కాల్‌లో ఉండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించారు.

"సైకిల్ చక్రాల కింద కూడా పెట్టరా."

"నిమ్మకాయ మీద తొక్కితే జారి పడతానమ్మా."

"పడితే మీ వాకిట్లోనే పడు. అక్కడ పడకుండా ఉంటావు."

నా జాగ్రత్త నేనూ తీసుకున్నాను. అక్కడ రోడ్డుకి కుడి పక్కన నడపాలి. ఇండియాలోనూ ఎడమే, ఇక్కడా ఎడమే. మా ఇద్దరికీ పుట్టి బుద్ధెరిగాక వేరే పక్క తెలీదు. అందుకని పసుప్పచ్చ కాగితం మీద పెద్ద అక్షరాలతో "కుడి" అని రాసి స్టీరింగ్ మధ్యలో అంటించాను. మా ఆయన నవ్వి, పాపకి చూపించి, "మీ అమ్మ బోర్డు పెట్టింది చూడు" అన్నాడు.

పోర్ట్స్‌మత్‌లో ఓడెక్కాం. దిగాక మొదటి రోజంతా నా భుజాలు చెవులదాకా బిగుసుకుపోయి ఉన్నాయి. ప్రతి రౌండబౌట్ దగ్గరా ఆ కాగితం చూసుకుని, పైకి చదువుకుని తిరిగేదాన్ని. రెండు రోజులు బాగానే గడిచాయి. అతను కొండెక్కేవాడు, నేను పాపని తీసుకుని ముందుగా అనుకున్న చోటికి వెళ్ళి పులిహోర డబ్బాతో కాచుకునేదాన్ని. రోడ్డు పక్కన చిన్న చిన్న రాళ్ళుండేవి, శిఖరం ఇంకెంత దూరమో, ముందు ఎంత ఏటవాలో వాటి మీద రాసి ఉండేది. అతను ప్రతి రాయినీ ఫోటో తీసి పంపేవాడు. నాకు ఆ ఫోటో అంటే అప్పటికి బతికున్నాడని.

మూడోరోజు పొద్దున్న మ్యాపు చూపించి చెప్పాడు. "నువ్వు ఇక్కడ, వాగు దగ్గర ఆగు. నేను అవతలి పక్కనుంచి ఎక్కి ఇటు దిగుతాను. రెండు గంటలు పడుతుంది. పైన సిగ్నల్ ఉండదు, కంగారు పడకు. పైకి మాత్రం రాకు, రోడ్డు సన్నం."

వాగు దగ్గర గడ్డిలో దుప్పటి పరిచి పాపకి పెరుగన్నం పెట్టాను. తిననని మారాం. కారులోకి వేలు చూపించి "ఎల్లో పేపర్, మమ్మీ" అని ఏడుపు. ముద్దలు మింగుతుందని ఆ కాగితం తీసి ఇచ్చేశాను. నిజంగానే మింగింది.

నీలం చుక్క శిఖరానికి అవతలే ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై, నలభై. సిగ్నల్ ఉండదని అతను చెప్పాడు, నాకు గుర్తుంది. గుర్తుండి కూడా ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. అతను చెప్పిన రెండు గంటలకి ఇంకా పావుగంట ఉండగానే పాపని సీట్లో కట్టేసి పైకి బయల్దేరాను.

రోడ్డు మధ్యలో గీత లేదు. ముందూ వెనకా ఒక్క బండి లేదు. రెండు పక్కలా ఫెర్న్ మొక్కలు, రాతి గోడలు. మూడు రోజుల్లో మొదటిసారి నా భుజాలు వదులయ్యాయి. అంతా మన ఊరి రోడ్డులా, హాయిగా అనిపించింది. ఆ హాయి చూసే నాకు అనుమానం రావాల్సింది.

నాలుగో మలుపులో ఎదురుగా మా ఆయన. వంగి, హ్యాండిల్‌కి అతుక్కుని, నేరుగా నా మీదకి వస్తున్నాడు.

నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇదీ: ఈయనకేం పిచ్చి పట్టింది, రాంగ్ సైడ్‌లో వస్తున్నాడు! హారన్ కొట్టాను. గట్టిగా, పొడుగ్గా. తర్వాత బ్రేకు.

కారు ఎడమ అద్దం పక్కనుంచి అతను ఫెర్న్ మొక్కల్లోకి వెళ్ళిపోయాడు. అద్దం పగిలిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. వెనక సీట్లోంచి పాప, "డాడీ వెంట్ ఇన్ ద గ్రాస్" అంది.

దిగి పరిగెత్తాను. మొక్కల్లో కూర్చుని ఎడమ మణికట్టు పట్టుకుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నేను వెళ్ళి అరిచాను.

"రాంగ్ సైడ్‌లో వస్తావా! కళ్ళు మూసుకుని తొక్కుతున్నావా!"

అతను నన్ను చూశాడు. కారుని చూశాడు. కోపం లేదు, గొంతు కూడా పెంచలేదు.

"ముందు కారు తియ్యి. ఎవరైనా వస్తారు. కుడి పక్కకి తియ్యి."

కుడి ఎందుకని నోరు తెరిచాను. అప్పుడు చూశాను, కారు ఎడమ పక్కన ఉంది. ఆ రోడ్డు మీదే కూలబడ్డాను.

ఆసుపత్రికి కూడా నేనే నడపాల్సి వచ్చింది, అతని చెయ్యి పనిచెయ్యలేదు. ఇరవై మైళ్ళు. ప్రతి మలుపుకీ ముందు అతను మెల్లగా "కుడి" అన్నాడు, పాపకి అక్షరం చెప్పినట్టు. ఆ కాగితం పాప గౌనుకి అంటుకుని ఉంది.

మణికట్టులో ఎముక చిట్లింది, కట్టు వేశారు. సాయంత్రం అత్తయ్య ఫోన్ చేస్తే, నేను నోరు విప్పేలోపే "జింక అడ్డొచ్చిందమ్మా, తప్పించబోయి పడ్డాను" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

రీడింగ్ తిరిగొచ్చాక శనివారం స్నేహితుల ఇంట్లో భోజనం. కట్టు చూసి అందరూ అతని మీద పడ్డారు.

"వదిన ముందునుంచీ మొత్తుకుంటూనే ఉంది. విన్నావా?"

"ఇంకో గారె వెయ్యండి వదినా, పాపం జింక చేతిలో ఓడిపోయాడు."

పాప గారె నములుతూ, "నో డీర్. మమ్మీస్ కార్" అంది. అందరూ పకపకా నవ్వారు. "దీనికి జింక కనపడలేదట, పాపం!" మా ఆయన కూడా నవ్వాడు. నేను మంచినీళ్ళకని లేచి వంటగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, సింకు పట్టుకుని నిలబడ్డాను.

అత్తయ్య మాత్రం ఊరుకోలేదు. "నా మీద ఒట్టెయ్యి, మళ్ళీ సైకిల్ ఎక్కనని." వేశాడు. సైకిల్ షెడ్‌లో పాత దుప్పటి కిందకి పోయింది. కట్టు విప్పి నెల దాటింది. ఆదివారం పొద్దున్న అలవాటుగా ఆరింటికే లేచి, కిటికీ దగ్గర టీ తాగుతూ కూర్చుంటున్నాడు. కథలో ఆవులేవని పాప అడిగితే, ఇప్పుడు కుందేలు కథ చెబుతున్నాడు.

నేను కోరుకున్నది ఇదే కదా. రెండేళ్ళు ప్రతి దేవుడినీ అడిగింది ఇదే.

ఇవాళ మధ్యాహ్నం అత్తయ్య ఫోన్ చేశారు. అతను మేడమీద పాపకి స్నానం చేయిస్తున్నాడు. క్షేమసమాచారాలయ్యాక చెప్పేశాను.

"అత్తయ్యా, అది జింక కాదు. నేను."

"నువ్వేంటి?"

"కారులో నేను. ఎడమ పక్కన వెళ్ళాను. తప్పు నాది. ఆయన సరైన పక్కనే వచ్చారు."

లైన్ కట్టయిందనుకున్నాను.

"పాప అందులోనే ఉందా?"

"ఉంది."

ఆవిడ తిడితే బాగుండుననిపించింది. చివరికి, "వాడి చేత ఒట్టు వేయించానే, అనవసరంగా" అన్నారు. "తీసేశానని చెప్పు. ఇంకేం మాట్లాడలేనమ్మా ఇవాళ" అని పెట్టేశారు.

తలెత్తితే మెట్ల మీద మా ఆయన, తువ్వాలు చుట్టిన పాపని ఎత్తుకుని. అంతా విన్నట్టే ఉన్నాడు.

"జింకనే ఉంచాల్సింది. ఎవరికి నష్టం?" అన్నాడు.

"నీకే." ఇన్నాళ్ళూ చెప్పనిది అప్పుడు బయటికొచ్చింది. "నేను బ్రేకు కంటే ముందు హారన్ కొట్టాను. తెలుసా నీకు?"

"తెలుసు. మలుపు తిరుగుతుంటే మొదట వినపడింది అదే."

తెలుసట. ఆసుపత్రికి వెళ్ళే ఇరవై మైళ్ళూ, అత్తయ్యకి జింక కథ చెప్పినప్పుడూ, గారెల దగ్గర నవ్వినప్పుడూ, అది తెలిసే.

పాప పడుకుంది. ఇందాక షెడ్‌కి వెళ్ళి దుప్పటి తీసేసి వచ్చాడు. చక్రానికి గాలి కొడుతున్న చప్పుడు నాకు ఇక్కడికి వినపడింది. రేపు ఆఫీసుకి సెలవు పెట్టాడు, పొద్దున్నే వెళ్తాడట. లొకేషన్ ఆన్ చెయ్యనా అని అడిగాడు.

చెయ్యమన్నాను.