పూరా సాఫ్

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. ఒకే మాటకు సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని బోర్డు మీద ఎన్ని వందలసార్లు రాసి ఉంటానో లెక్కలేదు. ఆ పాఠం నాకు మాత్రం రిటైరయ్యాక, మెట్టుగూడలో ఒక మెకానిక్ షెడ్డులో, మసి మధ్య నిలబడినప్పుడు తలకెక్కింది. ఉద్యోగం అయిపోయాక నేర్చుకోవడానికి ఏముంటుందిలే అనుకునేవాళ్లు ఒక లారీ కొనుక్కుని చూడాలి.

మాది గుంటూరు వైపు. మా ఆయన ఈ ఊరొచ్చి లారీల వ్యాపారంలో దిగాడు. ఆయన పోయాక చివరికి ఒక పాత లారీ నా చేతికొచ్చింది. అమ్మేయమని బంధువులంతా చెప్పారు. ఆడదానికి లారీ ఏమిటన్నారు. ఆ రెండో మాట అనకుండా ఉంటే బుద్ధిగా అమ్మేసేదాన్నే. అన్నారు కాబట్టి పాతది ఇచ్చేసి కొత్తది కొన్నాను. పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, వారంటీ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా భద్రంగా బీరువాలో పెట్టాను.

డ్రైవరు మాత్రం మా ఆయన కాలం నుంచీ ఉన్నవాడే. ఇల్లు లాలాగూడలో. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆయన్ని నేను భాయ్ అనీ, మీరు అనీ పిలిచేదాన్ని. మా చుట్టాల్లో డ్రైవర్ని మీరు అనేది నేనొక్కదాన్నే. ఆ సంగతి అందరికీ తెలియాలి కదా, అందుకని నలుగురిలో కాస్త గట్టిగానే అనేదాన్ని.

భాయ్‌కి ఈ లోకంలో ఒకే ఒక్క పట్టింపు ఉండేది. ఇన్నేళ్ల డ్రైవింగులో తన మీద ఒక్క మాట రాలేదని ఆయన గర్వం. డీజిల్ తీసి అమ్ముకున్నాడని గానీ, సరుకులో చెయ్యి పెట్టాడని గానీ ఎవరూ అనలేదు. ఏ పని చెప్పినా, "మన మీద మాట రావద్దమ్మా, గంతే," అనేవాడు.

ఇక కొత్త లారీ సంగతి. సైలెన్సర్ ఉండాల్సిన చోట దానికి పెద్ద డబ్బా ఒకటి ఉంది. అందులో ఒక ఫిల్టర్. ఇంజిన్ వదిలే మసినంతా అది పట్టుకుని, నిండాక ఆ మసిని తనంతట తానే కాల్చుకుంటుంది. ఎంత మంచి ఏర్పాటో! కాకపోతే అలా కాలాలంటే లారీ హైవే మీద కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. మా లారీకి ఆ భాగ్యం ఎక్కడిది? గోడౌన్‌లో టైల్స్ ఎక్కించుకోవడం, యాప్రాల్‌లో లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర దించడం, మళ్లీ గోడౌన్‌కు రావడం. మధ్యలో సిగ్నళ్లు, ఒక రైల్వే గేటు, పెళ్లి ఊరేగింపులు. మసి ఎక్కడ కాలుతుంది?

కాలకపోతే డ్రైవర్ ముందు పసుపు లైటు వెలుగుతుంది. అప్పుడు బండిని పక్కకు ఆపి, బటన్ నొక్కి, ఇంజిన్‌ను పెద్ద చప్పుడుతో ముప్పావుగంట అలా తిరగనివ్వాలి. ఈ పనికి కంపెనీ పుస్తకంలో మూరెడు పొడుగు పేరుంది. భాయ్ దానికి దమ్ అని పేరు పెట్టాడు.

"బండి దమ్ మీదున్నదమ్మా. ఇంకో అర్ధగంట. నడుమల మూత తియ్యద్దు," అని ఫోన్ చేసేవాడు.

అలా వారానికి మూడుసార్లు నా లారీ రోడ్డు పక్కన బిర్యానీ అయ్యేది. అటు సైటులో టైల్స్ కోసం మేస్త్రీలు కూర్చుని ఉండేవాళ్లు. సైటు సూపర్‌వైజర్ నాకు ఫోన్ చేసి, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినామెతో ఎవరూ మాట్లాడని భాషలో మాట్లాడేవాడు.

ఒకరోజు నేను మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో ఉన్నాను. వెనక ఖాళీ జాగాలో ఎవరో చెత్త తగలబెడుతున్నారు, ఆ పొగకు పిల్లలు దగ్గుతున్నారు అని ఒక ఫిర్యాదు నేనే రాసి, నేనే నిలబడి చదువుతున్నాను. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది.

"అమ్మా, మల్ల దమ్ మీద పెట్టిన," అన్నాడు భాయ్.

నాకు బుర్ర వేడెక్కింది. "ఎన్నిసార్లు భాయ్? ఆ ఫిల్టర్ గోల ఒక్కసారి సాఫ్ చేయించి పారేయండి."

"సాఫ్ అంటే... పూరా సాఫా అమ్మా?"

"పూరా సాఫ్."

"పక్కానా? జెర సోంచాయించుండ్రి. రేపు మాటొస్తదేమో."

"అంతా ఆలోచించాను. చేయించండి," అని ఫోన్ పెట్టేసి, పొగ గురించి మిగిలిన రెండు పేరాలు చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నేనన్న సాఫ్ శుభ్రం చేసే సాఫ్. గిన్నె సాఫ్, గచ్చు సాఫ్. ఈ ఊళ్లో ఇంకో సాఫ్ ఉందని నాకు తెలియదా అంటే, నలభై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, తెలుసు. పిల్లవాడు కంచం సాఫ్ చేశాడంటే కడిగిపెట్టాడని కాదు, మెతుకు మిగల్చలేదని. మెట్టుగూడ మెకానిక్‌కు భాయ్ నా మాటను అక్షరం మార్చకుండా చేరవేశాడు. పాపం ఆ మెకానిక్ ఈ రెండో అర్థం తీసుకున్నాడు. డబ్బాను కోసి, లోపలున్న ఫిల్టర్‌ను మొత్తం పెకిలించి, డబ్బాను మళ్లీ అతికేశాడు. పసుపు లైటు ఇక ఎప్పటికీ వెలగకుండా లాప్‌టాప్ తగిలించి బండి మెదడును కూడా మార్చేశాడు.

మర్నాడు నేను షెడ్డుకు వెళ్లాను. అతను పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినంత సంతోషంగా ఉన్నాడు.

"ఇగ పరేషానే లేదమ్మా. దమ్ లేదు, గిమ్ లేదు. గుర్రం లెక్క ఉరుకుతది," అని ఒక గోనెసంచి నా కాళ్ల దగ్గర పెట్టాడు. అందులో తేనెపట్టులా సన్నటి కన్నాలున్న బరువైన దిమ్మె ఉంది.

"ఇదేమిటి?"

"ఫిల్టరమ్మా. మీరే పూరా సాఫ్ అన్నరంట గద."

నేను అరవాల్సింది అక్కడే. దాన్ని ఎక్కడినుంచి తీశావో అక్కడే పెట్టు అనాల్సింది. పొగ ఆపే సామాను బండిలోంచి పీకేయడం తప్పని తెలియనంత అమాయకురాలిని కాదు. పక్కనే ఉన్న భాయ్ నా ముఖం వైపు చూస్తున్నాడు, నేనేమంటానోనని. నేను ముఖం పక్కకు తిప్పుకుని, సరే, సంచి బండిలో వేయమన్నాను. ఇంటికొచ్చాక బీరువాలోంచి వారంటీ పుస్తకం తీయలేదు. తీస్తే చదవాలి, చదివితే తెలిసిపోతుంది.

తర్వాత మూడు నెలలు స్వర్గం. దమ్ లేదు, సూపర్‌వైజర్ ఫోన్ లేదు. లారీ గేరు మారినప్పుడల్లా వెనకనుంచి నల్లటి పొగ గుప్పుమనేది. కానీ అది వెనకున్నవాళ్లకు కనిపించేది, నాకు కాదు. నేను మాత్రం ఆటో వెనక నడిచేటప్పుడు చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఈ జనానికి బుద్ధి ఎప్పుడొస్తుందో అనుకునేదాన్ని.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ సన్నగా ఈల వేసి, ఉన్నట్టుండి సత్తువంతా వదిలేసింది. బండిని లాక్కుని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లారు. అక్కడ అడ్వైజర్ అని ఒకాయన ఉన్నాడు, ఇస్త్రీ నలగని మనిషి. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో పోయిందన్నాడు. "వారంటీ నడుస్తోంది కదా మేడం, నో ప్రాబ్లం," అని కాఫీ ఇప్పించాడు.

మర్నాడు కాఫీ ఇవ్వలేదు. "మేడం, ఫిల్టర్ ఏదండీ?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర కచ్చితమైన జవాబు ఉంది. అది మా బాల్కనీలో ఉంది. దాని మీద కలబంద కుండీ ఉంది. చెప్పలేదు.

"ఫిల్టర్ తీసేసి, సాఫ్ట్‌వేర్ మార్చేశాక అది మా కంపెనీ చేసిన ఇంజిన్ కాదు మేడం. గాలి, పొగ, టర్బో తిరిగే వేగం, అన్నీ మారిపోతాయి. టర్బో అందుకే పోయింది. ఇంజిన్‌కీ, టర్బోకీ, ఎగ్జాస్ట్‌కీ ఇక వారంటీ రాదు."

"మరి దేనికి వస్తుంది?"

ఆయన నిజాయితీగా కంప్యూటర్‌లో వెతికాడు. "క్యాబిన్ తలుపులకు ఉంది మేడం. వైపర్ మోటర్‌కు ఉంది."

కదలని లారీ వానొస్తే అద్దం తుడుచుకోవచ్చన్నమాట. నేను తల పట్టుకుని కూర్చున్నాను. అది చూసి ఆయనకు జాలేసినట్టుంది. గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. డ్రైవర్ ఓనర్‌కు తెలియకుండా ఈ పని చేయించాడని నేను రాసి, కింద డ్రైవర్ సంతకం కూడా పెట్టిస్తే, గుడ్‌విల్ కింద, అంటే కంపెనీయే దయతలిచి ఖర్చు భరించేలా, పైవాళ్లకు పంపి చూస్తానన్నాడు. "జస్ట్ ఫార్మాలిటీ మేడం."

ఇంటికొచ్చి ఆ ఉత్తరం రాశాను. నా జీవితంలో అంత మంచి ఉత్తరం ఇంకోటి రాయలేదు. "నా అనుమతి లేకుండా", "నా దృష్టికి రాకుండా", "నమ్మకాన్ని ఆసరాగా తీసుకుని". ఒక్క అక్షరదోషం లేదు. పరీక్ష పేపరైతే నేనే నూటికి నూరు వేసేదాన్ని.

భాయ్‌ని పిలిచి కాగితం, కలం ఇచ్చాను. చూడకుండా సంతకం పెట్టేస్తాడనుకున్నాను. ఆయన ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాడన్న సంగతి నాకు గుర్తులేదు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"అమ్మా, మీకు ఎరుక లేకుండ నేనే జేయించిన అని ఉన్నది గిండ్ల."

"ఉత్త కాగితం భాయ్. క్లెయిమ్ వస్తే బండి తిరుగుతుంది. మీకూ పని ఉంటుంది కదా."

"నా మీద మాటొస్తది గద."

"ఎవరు చూస్తారు? ఎక్కడో ఫైల్లో పడి ఉంటుంది."

ఆయన కాగితాన్ని టీపాయ్ మీద సాఫుగా పరిచి, తండ్రి పేరుతో సహా తన పేరు నిదానంగా రాశాడు. కలం మూత పెట్టి నాకందించాడు.

"పెట్టిన మేడం," అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను మేడం అనడం అదే మొదటిసారి.

రెండు వారాలకు కంపెనీ జవాబు వచ్చింది. ఫిల్టర్ ఎవరు తీయించారన్నది తమకు అవసరం లేదట. తీసేసి ఉంటే చాలు, వారంటీ పోయినట్టేనట. నా భాషను ఎవరూ మెచ్చుకోలేదు. కనీసం ఆ ఉత్తరం వెనక్కి ఇవ్వమని అడ్వైజర్‌ను అడిగాను.

"స్కాన్ చేసి ఎక్కించేశాం మేడం. బండి హిస్టరీలో ఉంటుంది," అన్నాడు. ఆ ఇంజిన్ మీద ఏ వారంటీ నిలవలేదు గానీ నా అబద్ధం మాత్రం శాశ్వతంగా నిలిచింది.

లారీని ఉన్నదున్నట్టు ఎవరికో ఇచ్చేశాను. భాయ్‌కి పని పోయింది. కొన్నాళ్లకు పది లారీలున్న ఒక పెద్దమనిషి నాకు ఫోన్ చేశాడు. ఆయన బండ్లు కూడా అదే సర్వీస్ సెంటర్‌కు వెళ్తాయి.

"మీ పాత డ్రైవరు మా దగ్గర పనికోసం వచ్చాడండి. మనిషి నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. కానీ సర్వీస్ సెంటర్‌లో ఆయన మీద ఏదో కాగితం ఉందంటున్నారు. మీకు తెలియకుండా ఫిల్టర్ పీకించాడటగా?"

ఈసారి నిజం చెప్పాను. "లేదండీ. చేయించమన్నది నేనే. ఆయన వద్దనే అన్నాడు. వారంటీ కోసం ఆ కాగితం నేనే అబద్ధం రాసి, ఆయన చేత సంతకం పెట్టించాను."

ఆయన మెత్తగా నవ్వాడు. "మీది చాలా మంచి మనసు మేడం. అతని పొట్ట కొట్టకూడదని నింద మీ మీద వేసుకుంటున్నారు. ఈ రోజుల్లో ఇలాంటి ఓనర్లు ఎక్కడున్నారు?"

కాదండీ, నిజంగానే అన్నాను. ఒట్టు వేశాను. వేసినకొద్దీ ఆయనకు నా మీద గౌరవం పెరిగింది. టీచరమ్మలు ఇలాగే ఉంటారని మెచ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం భాయ్ ఫోన్ చేశాడు. "సేటు మీకు ఫోన్ జేసిండా అమ్మా?"

"చేశారు భాయ్. నిజం చెప్పాను. కాగితం నేనే రాశానని చెప్పాను. పని ఇచ్చారా?"

"లేదమ్మా, ఇయ్యలే. నన్ను బచాయించనీకి మీరు తప్పంత మీ మీద ఏసుకున్నరంట. గసొంటి మంచామెను దగా జేస్తివా అని అందరి ముంగట అన్నడు."

"ఒట్టు కూడా వేశాను భాయ్," అన్నాను.

"మీరైతే చెప్పిండ్రు గద," అన్నాడు భాయ్. "షుక్రియా అమ్మా."

ఆయన ఫోన్ పెట్టేశాక కూడా నేను దాన్ని చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.