సబ్బునీళ్ల మగ్గు

నిన్న నాచారంలో మా బాల్కనీ మందారం మీద తెల్లటి నూగు పురుగొకటి పాకుతుంటే, చిన్నప్పటి సబ్బునీళ్ల వాసన గుర్తొచ్చింది.

రామంతాపూర్‌లో మా మందారానికి పిండినల్లి పట్టింది. మొగ్గలు రాలిపోతుంటే నాన్న నరికేస్తానన్నాడు. పురుగుల మీద పరిశోధన చేసే పక్కింటి మామ నల్లటి చిన్న పెంకుపురుగులు తెచ్చి చెట్టు మీద వదిలాడు. "మందు కొట్టకుండ్రి. ఇవే పిండినల్లిని తింటయి" అన్నాడు.

రెండు వారాలకు కొమ్మల మీద పెద్ద పెద్ద తెల్ల పురుగులు కనిపించాయి. పిండినల్లే బలిసిందనుకుని ఏడింటిని ఏరి, సబ్బునీళ్ల మగ్గులో ముంచి, గొప్పగా మామకు చూపించాను.

"ఇవి మన పెంకుపురుగుల పిల్లలు బిడ్డా. అచ్చం పిండినల్లి లెక్కనే ఉంటయి" అన్నాడు మామ. నా ముఖం చూసి, "ఫికర్ జెయ్యకు, ఇంకా మస్తున్నయి" అన్నాడు.

ఆ రోజు నుంచి చెట్టుకు కాపలా నేనే. నాన్నను కూడా దగ్గరికి రానివ్వలేదు. రెండు నెలలకు కొమ్మలు శుభ్రపడ్డాయి. మొదటి పువ్వును నాన్నే కోసి నా జడలో పెట్టాడు.

నిన్న మా అమ్మాయి చెప్పు ఎత్తింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"జర ఆగు బిడ్డా. అది మన దిక్కే."