ప్యారాచూట్ల పట్టు

నా చిన్నప్పుడు ఒక యుద్ధాన్ని నమ్ముకుని నేను తట్టెడు పట్టుగూళ్లు దాచాను. ఆ యుద్ధంలో మన దేశం గెలిచింది. నేను మాత్రం చిత్తుగా ఓడిపోయాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్లకు పైగా పట్టింది. పట్టు సంగతి కాబట్టి ఆ మాత్రం పట్టడం న్యాయమే అనుకుంటాను.

మాది పెద్దమండ్యం వైపు. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఏమీ లేదు. చదువు కోసం నన్ను పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో, మా మేనత్త ఇంట్లో పెట్టారు. మా అత్త పట్టుపురుగులు మేపేది. తట్టల్లో మల్బరీ ఆకు పరిచిన కాసేపటికి వేల నోళ్లు ఒక్కసారి నమలడం మొదలుపెడితే, పెంకుల మీద చినుకులు పడుతున్నట్టు ఉండేది. వాన ఎరగని ఊరి పిల్లవాణ్ణి కదా, ఆ చప్పుడు వింటే చాలు, నాకు ఊరికే సంతోషం వేసేది.

అత్త ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆకు కోసి తెచ్చిన పిల్లలకు పంటకొక చంద్రిక వదిలేసేది. చంద్రిక అంటే పురుగులు గూళ్లు కట్టుకోవడానికి వెదురు దబ్బలతో అల్లిన చాప. దాని మీది గూళ్లన్నీ ఆ పిల్లలవే. అవి అమ్ముకుని జీళ్లు తింటారో, పలకలు కొంటారో అత్త అడగదు. నేను మూడు పంటలు నా వంతు తీసుకోకుండా ఆగాను. నాలుగో పంటలో నాలుగు చంద్రికలూ ఒకేసారి ఇమ్మన్నాను. ఎందుకంటే నా కన్ను ఒక సైకిల్ మీద పడింది.

అది మా పోస్టుమేన్ పాత సైకిల్. ఆయన ఆ నెల మధ్యలోనే ఉద్యోగం మానేస్తున్నాడు. ముందు ఎవరు డబ్బు తెస్తే వాళ్లకు ఇస్తానన్నాడు. పుంగనూరు హైస్కూలు మాకు నాలుగు మైళ్లు. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. ఆ ఎనిమిది మైళ్లనూ నా కాళ్ల కింది నుంచి తీసి చక్రాల కింద పెట్టాలని నా పథకం. రాత్రి పడుకుంటే కలలో కూడా బెల్లు మోగేది.

సరిగ్గా గూళ్లు కోతకు వచ్చిన వారమే యుద్ధం వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధం.

మా పల్లెలో రేడియో ఒక్కరికే ఉండేది. ఆయన మా అత్తకు మరిది, నాకు వరసకు మామ. ఇరవై రెండేళ్లవాడు. రేడియోను చంటిబిడ్డలా చంకన పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి రేడియో మామ అనేవాళ్లం. యుద్ధం వచ్చాక ఆ బిడ్డ ఏడుపు ఊరంతటికీ కావలసి వచ్చింది. పొద్దున్నే జనం ఆయన వాకిట్లో కూర్చునేవారు. ఓడలు వస్తున్నాయట, విమానాలు వస్తున్నాయట. ఉప్పు దొరకదని ఒకరు, కిరసనాయిలు దొరకదని ఒకరు. ఒక ముసలాయన మాత్రం రోజూ అదే మాట అనేవాడు. “ఇంగ ఈ దేశం లేసేది లేదప్పా. తెల్లోడు పోయిన్నాడే అయిపాయ.” అని, ఇంటికి పోయి రెండు అగ్గిపెట్టెలు ఎక్కువ కొనేవాడు. నాకైతే అదంతా తిరునాళ్లలా ఉండేది. భయం పెద్దవాళ్లది, ఉత్సాహం నాది.

చంద్రికల మీంచి గూళ్లు విప్పిన రోజు మామ నన్ను పక్కకు పిలిచాడు.

“అల్లుడూ, ప్యారాచూటు అంటే ఏందో తెలుసునా?”

“ఆకాశంలోంచి దిగే గొడుగు.”

“అది దేంతో కుడతారు?”

నాకు తెలియదు. మామ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “పట్టుతో. ఎనకట తెల్లోళ్ల యుద్ధంలో మా నాయన గూళ్లకు ఎంత ధర పలికిందో నీకేం తెలుసు. ఇప్పుడు మళ్లా అదే కత. వారం ఆగు, పది దినాలు ఆగు. బంగారంతో తూస్తారు.”

“సైకిలు పోతాది గదా మామా.”

“పాత సైకిలు యాల నీకు? పది దినాలు తాళితే కొత్తదే వస్తాది.”

కొత్త సైకిల్. ఆ రెండు మాటలూ నా చెవిలో పడ్డాక ఇక లోపలికి వేరే మాట పోలేదు. మర్నాడు కుప్పం గూళ్ల సంతకు పోయే బస్సుకు అందరూ మూటలు కట్టుకుంటుంటే నేను నా తట్ట పట్టుకుని పట్టు పట్టాను. అమ్మను, దాస్తాను.

మా అత్త తన మూటకు ముడి వేసి నా దగ్గరికి వచ్చింది. వద్దంటుందేమో అని నేను ప్యారాచూట్ల సంగతంతా సిద్ధం చేసుకున్నాను. ఆమె వద్దనలేదు.

“నీ గూళ్లు, నీ ఇష్టం. ఒక్క పని మాత్రం సెయ్. దినామూ పొద్దున ఒక గూడు తీసి సెవి దగ్గర పెట్టుకోని ఊపు. ఊపి ఇను.”

“ఇంటే ఏం తెలుస్తాది?”

“ఇంటా ఉండు. అదే సెప్తాది.”

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. రెండేళ్లుగా గూళ్ల మధ్యే పెరిగినవాణ్ణి. కానీ మా ఇంట్లో గూళ్లు ఏనాడూ రెండు రోజులకు మించి ఉండలేదు. విప్పిన మర్నాడే కుప్పం పోయేవి. ఎందుకంత తొందరో నేను ఎన్నడూ అడగలేదు. అమ్మడం తెలుసు, ఉంచుకోవడం తెలియదు. పెద్దవాళ్లు మామ మాట విని నవ్వి అమ్మేసుకున్నారని కూడా తర్వాతే తెలిసింది. పల్లె మొత్తం మీద ఆ ప్యారాచూట్ ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే.

రోజూ పొద్దున గూడు తీసి ఊపేవాణ్ణి. లోపల టకటకమని చప్పుడు. నాకది చిల్లర చప్పుడులా వినిపించేది. యుద్ధం వార్త విని, గూడు చప్పుడు విని, ఆ రెంటినీ కలిపి మనసులోనే కొత్త సైకిల్‌కు సీటు కవరు కూడా కొనేశాను. మన సైన్యం ఒక ఊరు పట్టుకుందంటే నాకు గుండె దడ. గెలవాలి, కానీ మరీ త్వరగా గెలవకూడదు. దేశం మీద ఇలాంటి ప్రార్థన చేసిన పౌరుడు నేను ఒక్కణ్ణే అయి ఉంటాను.

ఎనిమిదో రోజు గూళ్ల కొసల్లో చిన్న తడి మచ్చలు కనిపించాయి. మంచు పడి చెమ్మగిల్లాయేమో అనుకుని తట్టను ఎండలో పెట్టాను. తొమ్మిదో రోజు పొద్దున చప్పుడు కోసం ఊపాల్సిన అవసరం రాలేదు. తట్టే చప్పుడు చేస్తోంది. మూత తీశాను. సీతాకోకచిలుకల్లాంటి తెల్లని పట్టుచిలుకలు, బొద్దుగా, తడితడిగా, వందలు. గూడు గూడుకూ కొసన చిల్లు. ఎగరలేవు, రెక్కలు మాత్రం అదే పనిగా కొట్టుకుంటున్నాయి. తట్ట అంచు మీదికి, నా చేతుల మీదికి, చొక్కా మీదికి పాకుతున్నాయి. నా సైకిల్ రెక్కలు కట్టుకుని నా మీదే నడుస్తోంది.

చిల్లు పడిన గూటి నుంచి దారం రాదు. పట్టుదారం మొదటి నుంచి చివరిదాకా ఒకే పోగు. పురుగు బయటికి రావాలంటే ఆ పోగు తెగాలి. అందుకే కొన్నవాళ్లు వెంటనే ఆవిరి పెట్టి లోపలి పురుగును చంపేస్తారు. ఇవన్నీ మా అత్త అప్పుడు చెప్పింది, నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని, నా చొక్కా మీది చిలుకలను ఒక్కొక్కటే తీసి తట్టలో వేస్తూ. కోప్పడలేదు.

“నువ్వు యుద్ధం ఎన్నాళ్లుంటాదని సూసినావు. పురుగు ఎన్నాళ్లుంటాదని సూడలే. యుద్ధానికి తొందర ల్యాకుండొచ్చునప్పా. లోపలుండేదానికి తొందర ఉండాది గదా.”

“ముందే సెప్పొచ్చు గదత్తా.”

“సెప్పితే ఇంటావా? నీ సెవిలో రేడియో ఉండె.”

ఆ సాయంత్రమే బెల్లు వినిపించింది, కలలో కాదు. పోస్టుమేన్ సైకిల్ మా వీధిలోకి వచ్చింది. తొక్కుతున్నది మా రేడియో మామ. రేడియో హ్యాండిల్‌కు వేలాడుతోంది. అందులో యుద్ధం ముగిసిందని, మనం గెలిచామని చెబుతున్నారు. తన గూళ్లను మామ మొదటి రోజే, మొదటి బస్సులోనే కుప్పం తీసుకుపోయి అమ్మి, ఆ డబ్బు పోస్టుమేన్ చేతిలో పెట్టేశాడు. ఆయనకు కావలసింది పట్టు ధర పెరగడం కాదు, నేను పది రోజులు ఆలస్యం కావడం.

ఊరంతా జెండా ఎగరేసి బెల్లం పంచారు. నేనూ తిన్నాను. బెల్లం మీద కోపమెందుకు.

ఆ వారమే అత్త గట్టు పక్కన మల్బరీ కొమ్మలు నాటించింది. ఊరి ముసలాయన దారినపోతూ, దేశం ఈ పొద్దు గెలిచినా రేపు ఎట్లుంటాదో ఏమో, ఇప్పుడు యాల కొత్త తోట అన్నాడు. అత్త నడుము ఎత్తకుండానే, “దేశం ఎట్లున్నా పురుక్కి ఆకలైతాది గదన్నా” అంది. కొసన ఒక సాలు చూపించి అది నాదంది. ఆ ఏడంతా నేను హైస్కూలుకు నడిచాను. మరుసటి ఏడు నా సాలు ఆకుతో వచ్చిన గూళ్లను, విప్పిన మర్నాడే, బస్సు రాకముందే రోడ్డు మీద నిలబడి, కుప్పంలో అమ్మాను. సైకిల్ వచ్చింది. పాతదే.

ఇప్పుడు నేను మదనపల్లెలో ఉంటున్నాను. అత్త లేదు, ఆ తోట ఎకరం నా పేర ఉంది. రేడియో మామ రెండు వీధుల అవతల ఉంటాడు. చంకలో రేడియో పోయి చేతిలోకి ఫోను వచ్చింది. ఈ మధ్య ఏదో ఒక మూల యుద్ధం లేని నెల లేదు కదా, మామకు చేతినిండా పని.

“అల్లుడూ, అయిపాయ. నూనె ఓడలు ఆగిపాయ, రూపాయి పడిపాయ. ఇంగ ఈ దేశం లేసేది లేదు. మ్యూచువల్ ఫండ్లు అమ్మేసెయ్, ఆ ఎకరం అమ్మేసెయ్, బంగారం కొను. నా మాట ఇను.”

నేను విన్నాను. అయితే ముందు గూళ్లు ఊపి చూశాను. మనవరాలి కాలేజీ ఫీజు రెండు నెలల్లో కట్టాలి. ఆ గూట్లో పురుగుకు తొందర ఉంది. అందుకని దాన్ని ఫండ్లలోంచి తీసి బ్యాంకులో వేశాను. మిగతాది పదేళ్ల దాకా నాకు అక్కర్లేదు. దాని జోలికి పోలేదు. ఎకరం సంగతి మాత్రం ఊపకుండానే చప్పుడు చేసింది. బేరానికి వచ్చిన బ్రోకర్ మాటల్లో తడబడి, కొనేది ఎవరో చెప్పేశాడు. మా మామే. యుద్ధం గురించి చెప్పేవాడు దొరికినప్పుడు, అతని కన్ను ఏ సైకిల్ మీద ఉందో చూడాలని నాకు పన్నెండేళ్లకే తెలుసు. అయినా ఆ బ్రోకర్ నోరు జారేదాకా తట్టలేదు. అదీ నా తెలివి.

ఎకరం అమ్మలేదు. కానీ ఊరికే వదిలేయడానికి మనసొప్పలేదు. వెంకటగిరికోట వైపు నుంచి ఒక రైతు చేత తాజా గూళ్లు తెప్పించాను. మిఠాయి పెట్టెకు జరీ కాగితం చుట్టి, గాలికి సన్న చిల్లులు పొడిచి, మామ పుట్టినరోజున చేతిలో పెట్టాను.

“మామా, ఇది పెట్టుబడి. పది దినాలు తెరవద్దు. తాళితే పెరుగుతాది.”

మామ చుట్టూ చూసి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. టకటక. ఆయన ముఖంలో వెలుగు చూస్తే నాకు పన్నెండేళ్ల నేనే కనిపించాను. గూళ్లు వదిలి యాభై ఏళ్లయింది, చెవి మర్చిపోయింది. వెండి నాణేలనుకున్నాడు. పెట్టె నేరుగా బీరువాలోకి, ఇస్త్రీ పంచెల మీదికి పోయింది.

తొమ్మిదో రోజు పొద్దున ఫోన్ మోగింది. ఎత్తాను. వెనక ఎవరో కేకలు పెడుతున్నారు, పంచెలు దులుపుతున్న చప్పుడు. ఆ గోలలోంచి మామ గొంతు వచ్చింది.

“అల్లుడూ… ఆ సైకిలు కోసరమా?”

“ఔ మామా.”

ఇద్దరం దగ్గు వచ్చేదాకా నవ్వుకున్నాం. ఇన్నేళ్లు దాచినా చిల్లు పడకుండా, రోజురోజుకూ ధర పెరిగిన సరుకు నా దగ్గర ఆ సైకిల్ కసి ఒక్కటే.