పిల్లలెంబడి ఉన్న కొర్రమట్ట

ఎల్లారెడ్డి బస్టాండు ఎన్క మా మెస్సుల వంట గాంగిది. పెద్దకొడప్‌గల్ దిక్కు తండా ఆమెది. పెనిమిటి లాల్‌సింగ్ చెరుకు కొట్టనీకె మహారాష్ట్రకు పోతుంటే, ఈమె మా పొయ్యి కాడ కుదిరింది. లంబాడి చేతి కూర తింటమా అని మొదట్ల మూతి ముడిచినోళ్లే, తర్వాత ఆమె జొన్నరొట్టె, చేపల పులుసు కోసం ఎగబడ్డరు. కానీ ఎంత మొండిదో మా తల్లి! ఏ చేప వండాల్నో నేను గాదు, ఆమె చెప్పాలె.

రెండువేల పన్నెండుల మిరుగం కార్తె నాడు గట్లనే అయింది. మిరుగానికి ఇంటింట చేప వండాలె గదా. నా బిడ్డ త్రివేణి ఏడునెలల కడుపుతోని మెస్సును ఆనుకొని ఉన్న మా ఇంటికొచ్చి ఉన్నది. ముందటిది కడుపులనే పోయింది. పొద్దటిసంది ఇది గూడ మెదుల్తలేదని అంటుంటే నా పానమంత గాయిగాయి అయింది. దవాఖానకు జీపు మాట్లాడనీకె పోయిండు మా ఆయన నారాయణ. అంతకు ముందు తెల్లారంగనే బిడ్డకు బలమని కొర్రమట్టను, అదే కొరమీనును, తెచ్చి బకెట్ల ఏసిండు. చెరువుల ఎర్రగ చేపపిల్లల గుంపు తేలితే అక్కడనే వల ఏసిండట. కింద తల్లి ఉంటదని అందరికి ఎరికే.

గాంగి కత్తి కింద పెట్టేసింది. రవ్వ, బొచ్చె చేపల పిల్లలను ఏటేట తెచ్చి చెరువుల ఇడుస్తరు, అవి ఎన్నైనా వండుతనన్నది. ఇది పిల్లలను కాసుకునే చేప, ఇది పోతే గుంపంత పోతది, పొయ్యి మీద పెట్టనన్నది. నాకు మండింది. నా ఇంట్ల నీ పెత్తనమేందని గట్టిగనే అన్న. నేనే కొయ్యనీకె కూసున్న. కొర్రమట్ట ఎంత గింజుకుంటది! ఇది గింజుకోలే. నా దిక్కే సూస్కుంట పడి ఉన్నది. నాకు భయమైంది, అబద్ధమెందుకు. లేచి నీళ్లు తాగొచ్చేసరికి బకెట్ లేదు, గాంగి లేదు, త్రివేణి లేదు.

చెరువు దాక ఉరికిన. మబ్బు కమ్మింది, గాలి లేదు, ఒక్క కొంగ లేదు. ఒడ్డున గాంగి ఖాళీ బకెట్ పట్టుకొని ఉన్నది. త్రివేణి మోకాళ్ల లోతుల నిలబడ్డది. ఆమె కాళ్ల సుట్టు ఎర్రెర్రగ చేపపిల్లలు తిరుగుతున్నయి. నేను సూస్తుండంగనే కిందికెల్లి నల్లగ తల్లి లేచింది. గుంపంత దానెంబడి లోతుకు పోయింది.

నేను గూడ దిగి దగ్గరికి పోయిన.

"ఇగ రా బిడ్డా," అన్న.

"ఇంకా తిరుగుతున్నయే అమ్మా," అన్నది త్రివేణి.

నీళ్లు తేటగున్నయి. వంగి సూసిన. ఏం లేవు. త్రివేణి నా చెయ్యి గుంజి కడుపు మీద పెట్టుకున్నది. లోపల బిడ్డ మెల్లగ, గుండ్రంగ తిరుగుతున్నది.