ఉత్తరం రాస్తేనే ఏడో సంచిక

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండ్‌లో కొన్నాళ్లు నడిచి ఆగిపోయిన ఒక బుల్లి పత్రిక చరిత్ర రాయడానికి నాకంటే తగిన మనిషి లేదని మొదట్నుంచీ నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే తెలుగావిడకి ఈ పని ఎందుకని చాలామంది అడిగారు. కాలేజీలో మూడేళ్లు లిఖిత పత్రిక నడిపినదాన్ని. ఇరవైమంది చదివే పత్రిక కోసం మనుషులు ఎంత గట్టిగా పోట్లాడుకుంటారో నాకు బాగా తెలుసు.

ఇలాంటివాటిని ఫ్యాన్‌జీన్లంటారు. సైన్స్ ఫిక్షన్ పిచ్చి పట్టిన కొందరు కుర్రాళ్లు వ్యాసాలూ కథలూ స్టెన్సిల్ మీద టైపు చేసి, సైక్లోస్టైల్ కాపీలు తీసి, పోస్టులో పంచుకునేవారు. మొత్తం ఏడు సంచికలు వచ్చాయి. ఆరింటిని ఎలాగోలా సంపాదించాను. ఏడోది చూడకుండా ఆ పత్రిక ఎలా ముగిసిందో రాయలేను, నా పుస్తకం పూర్తి కాదు.

రెండేళ్లు ప్రపంచమంతా గాలించాక అది ఇక్కడే కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో, మా ఇంటికి పది నిమిషాల దూరంలో, ఒక పెద్దాయన దగ్గర తేలింది. ఆ పెద్దాయనకి ఎనభై దాటాయి. ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేశారు. వాళ్ల నాన్న ఆ పత్రికలో వ్యాసాలు రాసేవారట. ఖాళీ చేతులతో వెళ్లడం అలవాటు లేక డబ్బా నిండా సున్నుండలు పట్టుకెళ్లాను. ఆయన టీ ఇచ్చారు. ఏడో సంచికని స్కాన్ చేసుకోనిస్తారా అని అడిగితే అడ్డంగా తల ఊపారు.

"పత్రిక నియమం మీకు తెలిసే ఉంటుంది. ఒక సంచిక మీద ఉత్తరం రాసినవాళ్లకే తర్వాతి సంచిక. ఆరో సంచిక మీద ఉత్తరం రాసుకు రండి, ఏడోది తీసుకెళ్లండి."

ఇంతేనా అనుకున్నాను. ఆ సంచికలో ముఖ్యమైన వ్యాసం వాళ్ల నాన్నదే, చంద్రుడి మీద కాలనీ ఎలా కట్టాలన్నది. దాని గురించి రెండు పేజీలు రాసిచ్చాను. ఆయన దూరదృష్టిని పొగిడాను, శైలిని పొగిడాను, చివరికి పక్కన వేసిన బొమ్మని కూడా వదల్లేదు. పెద్దాయన సున్నుండ తింటూ నిదానంగా చదివి, మడిచి, నా చేతికే తిరిగిచ్చేశారు.

"మా నాన్న అయితే దీన్ని చెత్తబుట్టలో వేసేవారు. ఇందులో మీకు నచ్చనిది ఒక్కటీ లేదు."

ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి ఆ ఉత్తరం మా ఆయన ముందు పడేశాను. ఆయనది కరీంనగర్, ఏదీ దాచుకోరు.

"ఇది లెటరా, అప్రైజలా? ఆ మూన్ ఆర్టికల్ చదివిన రోజు కిచెన్‌ల గిన్నెలన్నీ ఎత్తి పడేసినవ్ గదా. ఆ ముచ్చట ఒక్కటి సుత రాయలే."

"వాళ్ల నాన్న రాసిందండీ. ఆయనింట్లో కూర్చుని, ఆయనిచ్చిన టీ తాగి, చనిపోయిన వాళ్ల నాన్నని ఎలా తిట్టమంటారు?"

"సరే, మరి నీ బుక్‌ల రాసినవా?"

పుస్తకంలోనూ రాయలేదు. చరిత్ర రాసేవాళ్లు ఆవేశపడకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ వ్యాసంలో ఒక పేరా ఉంది. చంద్రుడి మీద సామాన్లు మోయడానికి ఇండియా నుంచి కూలీలని తీసుకెళితే చాలని, వాళ్లకి తిండీ వసతీ పెద్దగా అక్కర్లేదని దాని సారాంశం. అదే పేజీలో, పై భాగంలో, అక్కడ వస్తువుల బరువు ఆరో వంతే ఉంటుందని ఆయనే లెక్క కట్టారు.

శనివారం పొద్దున కూర్చుని ఒక్క ఊపున రెండో ఉత్తరం రాశాను, ఈసారి నేరుగా వాళ్ల నాన్నకే. మీ లెక్క ప్రకారమే మీ పెట్టెలు మీరు ఒంటి చేత్తో ఎత్తుకోవచ్చు కదండీ, మరి కూలీలెందుకని అడిగాను. బరువు తగ్గిన చోట కూడా మీ వెనక ఒకడు పెట్టె పట్టుకుని నడవాలనిపించింది మీకు, అన్నాను. మీరిది టైపు చేసే రోజుల్లో మా తాతయ్య లెక్కల మాస్టారు, ఆయన్ని మీ వెనక నడిపించి ఉంటే ఆరో వంతు కట్టిన మీ భాగహారంలో తప్పు అక్కడికక్కడే దిద్దేవారని కూడా రాశాను. రాస్తుంటే భలే సంతోషం వేసింది.

పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివారు. నేను తల దించుకోలేదు.

"భాగహారంలో తప్పుందా?" అని మాత్రం అడిగారు.

"ఉందండీ."

"చూపించండి."

పెన్సిల్‌తో కాగితం మీద చేసి చూపించాను. ఆయన లోపలికెళ్లి ఏడో సంచిక తెచ్చి నా ముందు పెట్టారు.

ముందు చివరి పేజీ తిప్పాను. ముగింపేమీ లేదు. ఎనిమిదో సంచిక కావాలంటే ఉత్తరాలు రాయమని మామూలుగానే అడిగారు. తర్వాత ఉత్తరాల పేజీలు తీశాను. ఆ వ్యాసం మీద పదకొండు ఉత్తరాలొచ్చాయి. ఇంధనం చాలదని ఒకరు, గాలి ఎలా నిలవ చేస్తారని ఇంకొకరు దుమ్మెత్తిపోశారు. ఆ భాగహారం తప్పు కూడా ఇద్దరు పట్టుకున్నారు. కూలీల గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

"చిన్నప్పట్నుంచీ చదువుతున్నాను, నాకూ కనబడలేదు" అన్నారు పెద్దాయన. ఆయన గొంతు తగ్గింది.

"నాకు కనబడిందండీ. చదివిన రోజే కనబడింది. మూడేళ్లుగా ఈ పత్రిక మీద పుస్తకం రాస్తున్నాను, అందులో ఆ మాట లేదు."

చెప్తుంటే నిజంగా సిగ్గేసింది. స్కానర్‌ని సంచిలోనే ఉంచి, లాప్‌టాప్ తీసి, ఆయన బల్ల మీదే నా పుస్తకంలోని ఆరో సంచిక అధ్యాయం తెరిచాను. ఆయన కుర్చీ నా పక్కకి జరుపుకుని కూర్చున్నారు.