వెలగని దీపాల వార్త

కాశీరాం కుట్టు మిషన్ ముందు పావుగంట కూడా కుదురుగా కూర్చునేవాడు కాదు. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ గేటుకు ఎదురుగా అతని దర్జీ దుకాణం. చొక్కాకు ఒక చేయి కుట్టి, రెండోది బల్ల మీదే వదిలేసి బస్టాండుకు పోయేవాడు. మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్ నుంచి దినపత్రిక కట్ట దిగేది. జిల్లాల పేజీ తీసి, తను పంపిన వార్త పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకునేవాడు.

1961లో ఆ పత్రిక అతన్ని ఆర్మూర్ విలేకరిగా పెట్టుకుని, ఫొటో అంటించిన కార్డు పంపింది. అంతకుముందు ఆర్మూర్ పేరు అచ్చులో కనబడాలంటే మంత్రి అయినా రావాలి, లారీ అయినా బోల్తా పడాలి. కాశీరాం వచ్చాక వానకు మార్కెట్లో పసుపు తడిసినా, మోర్తాడ్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆకు అందకపోయినా వార్త అయింది. తన వార్తలు దిద్దే ఉపసంపాదకుణ్ణి అతను ఏనాడూ చూడలేదు. ఎర్ర సిరాతో వచ్చే పోస్టుకార్డుల వల్లే పరిచయం. ‘విశేషణాలు తగ్గించండి.’ ‘సర్పంచి పేరు మూడుసార్లు ఎందుకు?’ ఒకసారి మాత్రం, ‘తప్పు వార్త ఒక్కటి పడినా మీ కార్డు తిరిగి పంపాల్సి ఉంటుంది’ అని వచ్చింది.

వార్త పోయే దారి ఒక్కటే, నాలుగు గంటల హైదరాబాద్ బస్సు. డ్రైవర్ సాయిలు కవరును ముందు అద్దం దగ్గర పెట్టుకుపోయి పత్రిక మనిషికి ఇచ్చేవాడు. నాలుగు దాటితే వార్తకు ఒకరోజు వయసు వస్తుంది. అందుకని సాయంత్రం జరగబోయే సభలను కాశీరాం మధ్యాహ్నమే రాసేసేవాడు. చుట్టుపక్కల విలేకరులందరూ చేసే పనే. సభ అన్నాక దండలు వేస్తారు, మాట్లాడతారు, చప్పట్లు కొడతారు.

“ఇంక షామియానా కడుతనే ఉన్నరు, అప్పుడే చప్పట్లు గూడ కొట్టిస్తివా రిపోర్టరూ?” అని సాయిలు నవ్వేవాడు.

1964 శ్రావణంలో, ఏర్గట్ల దారిలో నాలుగు మైళ్ల దూరాన ఉన్న పాలమడుగుకు కరెంటు ఇస్తామన్నారు. సాయంత్రం ఆరింటికి స్విచ్ నొక్కడం. ‘ఆరు గంటలకు పాలమడుగు వీధులు విద్యుద్దీపాలతో వెలిగాయి. ప్రజలు హర్షధ్వానాలు చేశారు’ అని రాసి, కవరు సాయిలుకిచ్చి, కాశీరాం సైకిలెక్కాడు.

ఆరింటికి స్విచ్ నొక్కారు. మళ్లీ నొక్కారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని, రెండు రోజుల్లో బాగుచేస్తామని చెప్పి అధికారులు జీపెక్కారు. వార్త ఆపమని పత్రికకు ట్రంకు కాల్ చేద్దామని కాశీరాం రొప్పుతూ తపాలా ఆఫీసుకు వచ్చేసరికి తలుపులు మూసి ఉన్నాయి.

మరునాడు పేపర్లో పాలమడుగు వెలిగింది.

“కండ్లతోని సూడకుండనే ఎట్ల రాస్తివి?” అంది అతని భార్య భీమవ్వ, చాటలో బీడీలు చుడుతూ.

“అందరు గట్లనే రాస్తరు.”

“అందరు నా ఇంట్ల ఉంటుండ్రా?”

రెండు రోజులు ఇరవై రోజులయ్యాయి. పాలమడుగు రైతు పెద్దులు దుకాణానికి వచ్చాడు. కరెంటు వస్తుందన్న నమ్మకంతో మోటారు తెచ్చి, రెండెకరాల్లో పసుపు పెట్టినవాడు. ఆ ఏడు వానలు మొండికేశాయి.

“కరెంటాఫీసుల నీ పేపరే తీసి సూపెట్టిండ్రు కాశన్నా. ‘మీ ఊరికి కరెంటొచ్చింది, అచ్చుల పడ్డది, ఇంకేం కావాలె’ అంటుండ్రు. బాయి కాడ మోటరు పీనుగ తీరు పడి ఉన్నది. పసుపాకు సుట్టుకపోతున్నది.”

“నేనొచ్చి చెప్త.”

“నువ్వు చెప్తె ఇంటరా? పేపర్ చెప్తె ఇంటరు.”

ఆ రోజు నుంచి కాశీరాం దుకాణానికీ బస్టాండుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. కుట్టాల్సిన గుడ్డలు కుప్పపడ్డాయి. ‘పాలమడుగులో మళ్లీ కరెంటు పోయింది’ అని ఒక కాగితం రాశాడు. అలా రాస్తే కార్డు దక్కుతుంది. కానీ పోయిందంటే ఒకసారి వచ్చినట్టే. ఆఫీసువాళ్లు ఆ మాటే పట్టుకుంటారు. చింపేశాడు. మూడో రోజు ఇంకొకటి రాశాడు: ‘పాలమడుగుకు ఇంతవరకూ కరెంటు రాలేదు. లోగడ ప్రచురించిన వార్తను విలేకరి స్విచ్ నొక్కకముందే రాసి పంపాడు.’

“కవరు మస్తు పల్చగున్నది ఇయ్యాల,” అన్నాడు సాయిలు.

“రెండు ముక్కలే,” అన్నాడు కాశీరాం. బస్సు కదిలాక కవరు కోసం నాలుగడుగులు వెంట పరుగెత్తి ఆగిపోయాడు.

రాసింది రాసినట్టు పడింది. వెనకే ఎర్ర సిరా పోస్టుకార్డు వచ్చింది. ‘మీ కార్డు తిరిగి పంపగలరు. ఈసారి దిద్దడానికి ఏమీ లేదు.’

పేపర్ చూసిన ఆఫీసు వారం తిరగకముందే కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను లారీలో పంపింది. ఆ సాయంత్రం కాశీరాం పాలమడుగులో ఉన్నాడు. స్తంభం మీద బల్బు ఒకసారి ఎర్రబడి, ఆరి, మళ్లీ వెలిగింది. అవతల చేనులోంచి మోటారు మోత వినబడింది.

“ఇగ రాయి కాశన్నా, గిది నిజం!” పెద్దులు అరిచాడు.

కాశీరాం జేబు తడుముకున్నాడు. పెన్సిలు లేదు, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క ఉంది. గడియారం చూసి, సైకిల్ నల్ల సీటు మీద ‘6-12’ అని రాసుకున్నాడు. తిరుగుదారిలో ఆ సీటు మీద కూర్చోలేదు. నాలుగు మైళ్లూ నిలబడే తొక్కాడు.