గుమ్మం పక్క కాగితం

ఇరవై ఏళ్ళకు పైగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని మోస్తూనే తిన్నాను, నవ్వాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, లోకంతో పోట్లాడాను. పోట్లాట నా స్వభావం. కూరల దుకాణంలో తూకం దగ్గర, బస్సులో కండక్టరుతో, బడిలో పంతుళ్ళతో, ఎవరితోనైనా సరే. "ఆమె నోట్లో పడకండి" అని మా వాడలో ఒక మాట ఉంది. నాకది గొప్పగానే ఉండేది. ఆ నోటితోనే నేనొక మాట అన్నాను. ఒకే ఒక్క మాట. దాని సంగతే ఇది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేను కనుకనే మీకు చెబుతున్నాను. ఒక్క హెచ్చరిక. మధ్యలో నన్ను నేను సమర్థించుకోవడం మొదలుపెడితే నమ్మకండి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

అవి యుద్ధం రోజులు. బియ్యం కంట్రోలు, బట్ట కంట్రోలు. మా మామగారికి వరంగల్ బజారులో బట్టల దుకాణం ఉండేది. ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చేనాటికే హైదరాబాదులో కాలేజీ చదువు చదివి ఉన్నాను. మా కోమట్లలో అప్పటికి అదొక వింత. మా నాన్న మొండివాడు, చదివించాడు. మా ఆయన మెతక మనిషి, భార్య చదువుకుందని లోలోపల మురిసేవాడు. అత్తమ్మ మాత్రం మురవలేదు. ఆమెకూ నాకూ పొద్దున పొయ్యి అంటించగానే వాదన మొదలయ్యేది.

ఆ ఏడు వేసవి ముందు ఊళ్ళో మశూచి మొదలైంది. ఎవరూ ఆ పేరు అనేవారు కాదు. "తల్లి పోసింది" అనేవారు, అదీ గొంతు తగ్గించి. టీకాలవాళ్ళు వీధిలోకి వస్తే తలుపులు మూసుకునేవారు. సూది గుచ్చితే తల్లికి కోపం వస్తుందని భయం. మా ఇంట్లోనూ అదే జరిగింది. నేను హనుమకొండలో పుట్టింట ఉన్న రోజున టీకాలవాళ్ళు వచ్చారట. అత్తమ్మ తన ఆఖరు కూతురు సరోజను, పదమూడేళ్ళ పిల్లను, బట్టల మూటలు పెట్టే అర్రలో దాచి గొళ్ళెం పెట్టిందట. నెల తిరగకముందే సరోజకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు ముఖమంతా పొక్కులు.

నాకు అప్పటికే టీకా ఉంది కనుక పిల్ల దగ్గర నేనే కూర్చున్నాను. సేవ చేశాను. అది నిజం. చేస్తూ చేస్తూ అత్తమ్మను మాటలతో పొడిచాను. అదీ నిజమే. "ఆ రోజు దాచిపెట్టకపోతే ఇయ్యాల పిల్లకు ఈ గతి పట్టేదా?" అని ఎన్నిసార్లు అన్నానో. ఇంట్లో పోపు పెట్టలేదు, మగవాళ్ళు గడ్డం గీసుకోలేదు, ఎవరూ తల దువ్వుకోలేదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. తల్లి పోసిన ఇంటికి అదే గుర్తు. మండలు కనిపిస్తే బిచ్చమడిగేవాళ్ళు కూడా గడప దాకా రారు, దూరం నుంచే దండం పెట్టుకుని వెళ్ళిపోతారు.

ఆ దండమే నాకు కంటగింపు. రోగానికి దండమేమిటి? పురుగువల్ల వచ్చే రోగాన్ని దేవతను చేసి ఇంట్లో కూర్చోబెట్టడమేమిటి? తొమ్మిది రోజులు ఓర్చుకున్నాను. పదో రోజు పొద్దున అత్తమ్మ వాడిపోయిన మండల మీద పచ్చివి కట్టబోతుంటే, గుమ్మానికి ఉన్నవి పీకేసి, ఆమె చేతిలోనివీ లాక్కుని పెరట్లో పడేశాను.

"ఆకులకు నోరున్నదా అత్తమ్మా? నేను కాగితం రాసి అంటిస్త. రోగం పేరేందో, ఎట్ల అంటుకుంటదో, అందరికి సాఫ్ సీదగ తెలుస్తది."

ఆమె నడుం మీద చేయి పెట్టుకుని నన్నే చూసింది.

"కాగితం నీతోటి మాట్లాడ్తది పిల్లా. నాతోటి మాట్లాడదు."

దానికి నేను నవ్వాను. పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

మంచి తెల్లకాగితం తీసుకుని, చక్కని గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను: ఈ ఇంట్లో మశూచి రోగి ఉన్నది. ఇది అంటువ్యాధి. చంటిపిల్లలతో లోపలికి రావద్దు. టీకాలు వేయించుకొనండి. ఊళ్ళో బోర్డులన్నీ ఉర్దూలో ఉండే రోజులవి. మా ఇంటి గోడ మీదైనా తెలుగు కాగితం ఉండాలని ఒక పంతం కూడా. గంజి పూసి గుమ్మం పక్క గోడకు అంటించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. ఎంత బాగుందో!

మా వీధిలో తెలుగు చదవగలిగిన ఆడవాళ్ళు ఎందరు? నేనొక్కదాన్నే. ఈ లెక్క నాకు తెలియదా? తెలుసు. స్త్రీల సభలో దాని మీదే ఉపన్యాసం ఇచ్చి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. ఉపన్యాసంలో తెలిసిన సంగతి గుమ్మం దగ్గర ఎందుకు గుర్తుకు రాలేదు? గుర్తుకు రాలేదా, అత్తమ్మ మీద గెలుపు ముందు అది చిన్నదైపోయిందా? ఎంత తవ్వుకున్నా నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ పోచమ్మ గుడికి నీళ్ళు పోయడానికి వెళ్ళింది. మగవాళ్ళు దుకాణంలో. సరోజ లోపలి గదిలో నిద్రపోతోంది. అంతదాకా తను పడుకున్న బొంతను ఎండలో వేద్దామని తీసి వసారాలో పడేసి, ముందు బట్టలు ఉతుకుదామని పెరట్లో బావి దగ్గరికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వసారా నీడలో ఎల్లవ్వ కూర్చుని ఉంది.

ఎల్లవ్వ మా వీధికి గాజులు తెచ్చే మనిషి. గాజుల గుత్తులు కట్టిన మలారం భుజాన, పిల్ల చంకన. రెండు చేతులూ ఖాళీ లేకపోయినా ఏ ఇంటికైనా నవ్వుతూనే వచ్చేది. అంతకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. అందుకని ఈ పిల్లను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకుని, పెంటమ్మ అని పేరు పెట్టుకుంది. పాడు పేరు పెడితే చావు కన్ను పడదని నమ్మకం. పిల్లకు ఇంకా ఏడాది నిండలేదు.

మలారం దింపి, కొంగుతో విసురుకుంటూ కూర్చుంది ఎల్లవ్వ. పిల్ల ఎక్కడ ఉందని చూశాను. సరోజ బొంత మీద ఉంది. బోర్లా పడుకుని, చెంప బొంతకు ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

తడి బట్టలు చేతిలోంచి జారిపోయాయి. ఏదో అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు కానీ, అందులో కాగితం మాట ఉంది. కాగితం చూశాననీ, కంట్రోలు కాగితమేమో అనుకున్నాననీ ఆమె అంది. లోపల తల్లి పోసిన పిల్ల ఉందని తెలియగానే చంటిదాన్ని లాక్కుని గుండెకు అదుముకుంది. మలారం కూడా సరిగ్గా కట్టుకోకుండా వెళ్ళిపోయింది. నాలుగు గాజులు మెట్ల మీద పడి పగిలాయి.

వెంటనే టీకా వేయిస్తే పిల్ల దక్కవచ్చని నాకు తెలుసు. టీకా వేయించమని ఆమెతో అన్నానా? అన్నాననే గుర్తు. అది నిజమైన గుర్తో, తర్వాత నేను కల్పించుకున్నదో చెప్పలేను. అన్నా కూడా ఏం ప్రయోజనం? మా అత్తమ్మ లాగే ఆమెకూ సూదంటే భయం. చేయి పట్టుకుని నేనే తీసుకుపోవలసింది. పోలేదు. ఆమె ఎంత తొందరగా వీధి మలుపు తిరిగితే అంత మంచిదనుకుంటూ నిలబడ్డాను.

ఆమె మలుపు తిరిగిందో లేదో, తడిగుడ్డతో కాగితాన్ని గీకేశాను. పెరట్లోని మండలు తెచ్చి నా చేతులతోనే గుమ్మానికి కట్టాను. కడుతుండగా అత్తమ్మ గుడి నుంచి వచ్చింది. మెట్ల మీది గాజు పెంకులు చూసింది. గోడ మీది తడి మరక చూసింది. నన్ను చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

సరోజ బతికింది. ముఖం నిండా మచ్చలతో బతికింది. తలకు నీళ్ళు పోశాం, మండలు తీసేశాం. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున ఎల్లవ్వ వచ్చింది. ఈసారి భుజాన మలారం లేదు. చంకన పిల్ల లేదు. నేనేమీ అడగనక్కర లేకపోయింది.

ఆమె వెనకే ఆమె అత్త. ఎండిన కట్టె లాంటి ముసలామె. ఇద్దరూ మెట్లు ఎక్కకుండా వీధిలోనే నిలబడ్డారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు అరుగుల మీదికి వచ్చారు, తల్లి పోసిన రోజుల్లో మా గుమ్మం వైపు కన్నెత్తి చూడనివాళ్ళే. తలుపు వెనక మా అత్తమ్మ.

"అమ్మా, జర ఒక్క మాట చెప్పుండ్రి," అంది ఎల్లవ్వ. గొంతు బొంగురు పోయింది. "మా అత్త నన్ను ఇంట్ల ఉండనిస్తలేదు. మండలు కట్టిన ఇంట్లకు ఎట్ల పోయినవే, నా మనుమరాలిని నువ్వే చంపినవ్ అంటాంది. ఆనాడు మీ దర్వాజకు మండలు లేకుండె గదమ్మా? గోడకు ఏదో కాగితముండె. మండలైతే లేకుండె. మండలు చూస్తే నేనెందుకు వస్తనమ్మా? ఇద్దరు పోయినంక పుట్టిన పిల్లాయె."

వీధి వీధంతా నా వైపే చూస్తోంది. లేవు అంటే చాలు. మూడక్షరాలు కూడా లేవు ఆ మాటలో.

"ఉన్నయి," అన్నాను. "నువ్వే చూసుకోలేదు."

"కాగితం, అమ్మా..."

"కాగితమేంది? నాకు తెల్వదు."

ఎల్లవ్వ అత్త ఆమె రెక్క పట్టుకుని ఊపింది. "ఇన్నవా? ఇప్పుడన్న ఇన్నవా? సదువుకున్నామె అబద్ధమాడ్తదానే?"

ఎల్లవ్వ ఏడవలేదు. అరచేత్తో రెండు కళ్ళూ తుడుచుకుంది, కళ్ళలో నలక పడితే తుడుచుకున్నట్టుగా. "మరి నా కండ్లకేమైందమ్మా?" అంది. నన్నే అడిగింది. నిందించలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఎందుకు చేశాను? ఆ రోజుల్లో నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది: మా వీధిలో ముగ్గురు ఆడపిల్లలను బడికి పంపేలా పెద్దలను ఒప్పించాను, చదువుకున్న కోడలు మండలు పీకేసి ఒక పసిపిల్ల ప్రాణం తీసిందని తెలిస్తే ఆ ముగ్గురూ మర్నాడే బడి మానేస్తారు, నేను కాపాడింది నన్ను కాదు, చదువును. ఎంత బాగుంది వాదన! ఏళ్ళ తరబడి దీంతోనే నిద్రపోయాను. అబద్ధం. ఆ క్షణంలో నాకు బడీ గుర్తు లేదు, ఆడపిల్లలూ గుర్తు లేరు. తలుపు వెనక అత్తమ్మ ఉంది, ఆమె మాటే నిజమైందని వీధిలో నా నోటితో ఒప్పుకోవాలి. అంతకంటే ఎల్లవ్వ కళ్ళు పోవడమే నయమనిపించింది. ఇంతకంటే పెద్ద కారణమేదీ నాకు దొరకలేదు. వెతక్క కాదు.

అసలు ఆ మండలు మూఢనమ్మకమేనా? తల్లి ఉందనుకోవడం మూఢనమ్మకమే. ఇవాళ కూడా అదే అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను. కానీ చదువు రానివాళ్ళు ఒకరినొకరు కాపాడుకోవడానికి గుమ్మానికి కట్టుకున్న గుర్తది. దాన్ని పీకేసే ముందు, దాని పని చేసేది ఇంకొకటి పెట్టానా లేదా అని చూసుకోవాలి. నేను నా చేతిరాత పెట్టాను.

అత్తమ్మ ఎవరికీ చెప్పలేదు. మామగారికి కూడా. అంతేకాదు, ఆ రోజు నుంచి నాతో వాదించడం మానేసింది. నేనేమన్నా "సరే పిల్లా" అనేది. ఇల్లు నా చేతికి వచ్చిందని బంధువులు అనుకున్నారు. పన్నెండేళ్ళు బతికింది ఆ తర్వాత. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో!

ఎల్లవ్వను ఆమె మొగుడు వదిలేశాడని విన్నాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయిందట. మా వీధికి తర్వాత గాజులు తెచ్చిన మనిషిని ఒకసారి అడిగాను, ఏమీ ఎరగనట్టు, బేరం మధ్యలో. "ఎల్లవ్వనా? గాజులమ్ముడు బందు వెట్టిందమ్మా. ఎవల ఇంటికి పోయినా దర్వాజకు పైన చెయ్యి వెట్టి తడిమి చూస్తది. కండ్లు బాగనే ఉన్నయి గని, నమ్మది. గుడ్డిదాని లెక్క తడుముతది. జనం నవ్వవట్టిరి," అంది. ఆ రోజు గాజులు వేయించుకోలేక చేయి వెనక్కి తీసుకున్నాను.

ఘన్‌పూర్ ఎంత దూరం? రైలెక్కితే గంట కూడా పట్టదు. ఆ స్టేషన్ మీదుగా హైదరాబాదుకు ఎన్నిసార్లు వెళ్ళి వచ్చానో లెక్కలేదు. దిగలేదు. ఇప్పుడు ఆమె ఉందో లేదో కూడా తెలియదు. ఉన్నా, ఇది ఆమె చదవలేదు. మళ్ళీ ఒక కాగితమే రాస్తున్నానని నాకు తెలుసు. దీని వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదని కూడా తెలుసు. అయినా ఎక్కడో ఒక చోట, నా చేతితో, ఈ నాలుగు ముక్కలూ ఉండాలి.

ఆ రోజు మా గుమ్మానికి మండలు లేవు. తీసింది నేను. కాగితం ఉంది. ఎల్లవ్వ కళ్ళు ఉన్నది ఉన్నట్టే చూశాయి.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. రాయడం అయ్యాక ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది, అంతే. ఆ మాత్రం ఊపిరికైనా నాకు హక్కు ఉందో లేదో, ఈసారి వాదించను.